పిల్లలలో శీఘ్రగతి మూత్రపిండ వ్యాధి: తల్లిదండ్రులకొక పాఠము

మన ఇండ్లలో పిల్లవాని మూత్రము రంగు మారినదనగానే పెద్దలు చెప్పెడి మాట ఒక్కటే: "వేడి చేసినది." వెంటనే మజ్జిగ, సబ్జాగింజలు, బార్లీ నీళ్ళు, కొబ్బరినీళ్ళు సిద్ధమగును. పెక్కుసార్లు ఈ మాట నిజమే. ఎండలో ఆడి నీరు త్రాగని బిడ్డకు మూత్రము పచ్చగా, చిక్కగా వచ్చుట సహజము. నీరు త్రాగించిన పూటకే అది తేటపడును. కాని మూత్రము పసుపుపచ్చగా గాక, పాలు కలపని టీ డికాక్షనువలెనో, మాంసము కడిగిన నీటివలెనో కనబడి, ఆ ఉదయమే బిడ్డ కనుఱెప్పలు ఉబ్బియున్నచో, "వేడి" యని ఊరకుండుట ప్రాణాంతకము కాగలదు. ఈ సంవత్సరపు సంచికలో ఈ రెండవ సంగతినిగూర్చి తల్లిదండ్రులకు విశదముగా చెప్పదలచితిమి. మేము వైద్యులము కాము. వైద్యశాస్త్రము చెప్పిన దానిని పాఠముగా మార్చి చెప్పుట మాత్రమే మా పని.

మూత్రపిండములు రెండు. నడుమునకు కొంచెము పైగా, వెన్నెముకకు ఇరుప్రక్కల, చిక్కుడుగింజ ఆకారమున నుండును. బిడ్డ మూత్రపిండము ఇంచుమించు ఆ బిడ్డ పిడికిలియంత. ఒక్కొక్కదానిలో సుమారు 10 లక్షల జల్లెడలు గలవు. జల్లెడ యనుట పోలికకు మాత్రమే. నిజమునకు అది సన్నని రక్తనాళముల చిన్న ఉండ. దానిచుట్టు గిన్నెవంటి పొర యుండును. ఆ ఉండకు గ్లోమెరులస్ అని పేరు. నెత్తురు ఈ ఉండలో ప్రవహించునప్పుడు నీరు, ఉప్పు, మలినములు గిన్నెలోనికి వడియును. ఎఱ్ఱకణములు, మాంసకృత్తులు నాళములోనే నిలిచియుండును. పెద్దవారిలో దినమునకు 180 లీటర్ల నీరు ఇట్లు వడియగా, అందులో ఒకటి రెండు లీటర్లు మాత్రమే మూత్రముగా వెలువడును. తక్కినదంతయు మరల నెత్తురును చేరును.

జల్లెడ చినిగినచో నెత్తురు మూత్రములోనికి దిగును. మనము చూచెడి టీ రంగు అదియే. జల్లెడ పూడినచో నీరు, ఉప్పు ఒంటిలోనే నిలిచి, ముందుగా ముఖము, తరువాత కాళ్ళు ఉబ్బును, రక్తపోటు హెచ్చును, మలినములు నిలిచి వాంతులు, నీరసము కలుగును. చినుగుటయు పూడుటయు ఏకకాలమున జరిగెడి జబ్బును నెఫ్రైటిస్ అందురు.

ఈ జబ్బును మూత్రపిండములకు ముడిపెట్టి ప్రపంచమునకు స్పష్టముగా చెప్పినవాడు లండనులోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్. 1827లో ఆయన తన గ్రంథమును ప్రకటించెను. ఆయన చేసిన పరీక్ష మిక్కిలి సులభమైనది. ఉబ్బిన రోగి మూత్రమును చెంచాలో పోసి క్రొవ్వొత్తి మంటపై కాచినచో కోడిగ్రుడ్డు తెల్లసొనవలె గడ్డకట్టెడిది. నేడు ఆసుపత్రిలో మూత్రమున ముంచి చూచెడి కాగితపు పట్టీ ఒక నిమిషములో అదే సంగతిని తెలుపును, నెత్తురున్నదియు లేనిదియు సైతము చెప్పును. దీనికయ్యెడి ఖర్చు అత్యల్పము.

ఇక ఈ వ్యాధి బడి యీడు పిల్లలకు ఎట్లు వచ్చును? మన ప్రాంతమున గజ్జి, చీముపుండ్లు, సెగగడ్డలు లేని బడి యుండదు. గజ్జిపురుగు దురదకు బిడ్డ గోకుకొనును; గోకిన చోట స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మక్రిమి చేరి చీము పట్టించును. ఆ క్రిమిపై పోరాడుటకు శరీరము ప్రతిరక్షక పదార్థములను పుట్టించును. ఈ పదార్థములును క్రిమి శకలములును ముద్దలై నెత్తుటిలో తిరిగి, చివరకు మూత్రపిండపు జల్లెడలలో చిక్కుకొని, అక్కడ వాపు కలిగించును. గొంతునొప్పి తరువాతనైనచో సుమారు పది దినములకు, చర్మపు పుండ్ల తరువాతనైనచో మూడు మొదలు ఆరు వారములకు మూత్రము ఎఱ్ఱబడును. ఇందలి కష్టమంతయు ఇక్కడనే యున్నది. అప్పటికి పుండు మానిపోయి మచ్చ మాత్రమే మిగిలియుండును. మోకాలిపై మానిన పుండునకును, నేటి ముఖపు వాపునకును సంబంధమున్నదని ఏ తల్లికి తోచును? ఎక్కువగా ఈ వ్యాధి 5 మొదలు 12 ఏండ్ల వారికి వచ్చును. అనగా మా తరగతులలో కూర్చుండువారికే.

ఇది మనకు మాత్రమే పట్టిన బాధ కాదు. అమెరికాలోని మినెసోటా రాష్ట్రమున రెడ్ లేక్ అను ఆదివాసుల ప్రాంతమున 1953లోను, మరల 1966లోను ఈ నెఫ్రైటిస్ ఊరంతటను ప్రబలెను. భారతదేశమునుండి కూలిపనికి పోయినవారి సంతతి విశేషముగా గల ట్రినిడాడ్ ద్వీపమున 1971 ప్రాంతమున గజ్జి వ్యాపించినప్పుడు దాని వెనువెంటనే మూత్రపిండముల వాపు వ్యాపించుటను వైద్యులు గుర్తించిరి. గజ్జిని చిన్న జబ్బని తలచుట తగదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి యక్కఱలేదు.

తల్లిదండ్రులు బెదరిపోకుండుటకై ఒక సంగతి ముందుగా చెప్పవలసియున్నది. పుండ్ల తరువాతను గొంతునొప్పి తరువాతను వచ్చు నెఫ్రైటిస్ సోకిన పిల్లలలో అత్యధిక సంఖ్యాకులు పూర్తిగా కోలుకొందురు. ఉప్పు తగ్గించి, రక్తపోటునకు మందిచ్చి, కొలత ప్రకారము నీరిచ్చినచో వాపు వారము పది దినములలో తీయును. కంటికి కనబడని నెత్తుటి కణములు మాత్రము కొన్ని మాసములపాటు మూత్రమున మిగిలియుండవచ్చును.

అయితే కొందఱు పిల్లలలో వ్యాధి ఈ దారి విడిచి వేఱొక దారి త్రొక్కును. ఈ వ్యాసము వ్రాయుట వారికొఱకే. వారిలో జల్లెడలోని రక్తనాళములు పగులును. నెత్తుటిలోని పదార్థములు చుట్టునున్న గిన్నెలోనికి పొర్లి, అచ్చట కణములు గుంపుగా పెరిగి, లోపలి ఉండను ఒక ప్రక్కకు నొక్కివేయును. సూక్ష్మదర్శినిలో చూచినచో ఆ కణముల గుంపు నెలవంకవలె కనబడును. వైద్యులు దానికి పెట్టిన పేరు సైతము నెలవంకయే. సగము జల్లెడలకు మించి నెలవంకలు పట్టినచో మూత్రపిండములు తమ శక్తిలో సగమునకు పైగా కొలది దినములలోనో, వారములలోనో, మూడు మాసముల లోపలనో కోల్పోవును. ఏండ్ల తరబడి సాగెడి మూత్రపిండ వ్యాధినిగూర్చి మనవారు విని యున్నారు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానపు వ్యాధి పత్రికలలో ప్రసిద్ధము. అది పెద్దలను ఏండ్లకేండ్లు మెల్లగా క్రుంగదీయును. ఈ నెలవంకల వ్యాధి అట్టిది కాదు. సోమవారము బడికి వచ్చిన బిడ్డ రెండవ సోమవారమునకు డయాలిసిస్ యంత్రము ప్రక్కన నుండవచ్చును.

నెలవంక తొలుత మెత్తని కణముల ముద్ద. ఆ దశలో మందు పనిచేయును. ముద్ద కరగి జల్లెడ తెఱచుకొనును. కొలది వారములు గడచినచో ఆ ముద్దలో నారలు పుట్టి, మానిన గాయపు మచ్చవలె గట్టిపడును. గట్టిపడిన నెలవంకను కరగించు మందు నేటివరకు లేదు. కావున ఈ వ్యాధియందు పోయిన పది దినములు పోయినవే. బిడ్డను ఏ ఆసుపత్రికి తీసికొనిపోయిరన్న ప్రశ్నకంటె, ఏనాడు తీసికొనిపోయిరన్న ప్రశ్నయే పెద్దది.

నెలవంకలు పుట్టించు జబ్బులు మఱికొన్ని గలవు. పిఱుదులమీదను కాళ్ళమీదను నొక్కినను మాయని ఊదారంగు మచ్చలు, కీళ్ళ నొప్పి, కడుపునొప్పి కలసి వచ్చు జబ్బొకటి చిన్నపిల్లలలో నున్నది. మచ్చలు పోయిన తరువాత సైతము ఆరు మాసములు విడువక మూత్రపరీక్ష చేయింపవలయును. పదేండ్లు దాటిన ఆడపిల్లలలో లూపస్ అను జబ్బు బుగ్గలపై ఎఱ్ఱని మచ్చలతోను, విడువని జ్వరముతోను వచ్చి మూత్రపిండములను పట్టును. నెలవంకల జాతికి చెందకున్నను అంతే వేగము గలది మఱియొకటి కలదు: నెత్తురు విరేచనముల తరువాత బిడ్డ పాలిపోయి మూత్రము తగ్గుట. మన దేశపు పిల్లలలో విరేచనములు లేకయే, తన నెత్తుటిలోని ఒక రక్షక పదార్థముపై శరీరమే విరోధము పూనుట వలన వచ్చు రకము విశేషముగా నున్నదని ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు తెలిపియున్నారు. ఈ పేర్లన్నియు తల్లిదండ్రులు కంఠస్థము చేయనక్కఱలేదు. లక్షణములు మాత్రము ఒక్కటే: మూత్రము రంగు, మూత్రము తగ్గుట, ముఖపు ఉబ్బు.

మరల "వేడి" వద్దకు వత్తము. మత్తిగిరి చుట్టుపట్ల మూడు భాషలవారము కలసి బ్రతుకుచున్నాము. ఆశ్చర్యమేమనగా ఈ విషయమున మూడు భాషలును ఏకాభిప్రాయము గలవి. మనము వేడి యందుము, తమిళులు సూడు అందురు, కన్నడిగులు ఉష్ణమందురు. దీనివలన మొదటి నష్టము దినములు పోవుట. రెండవది, పూడిన జల్లెడ గల బిడ్డకు బలవంతముగా నీరు త్రాగించినచో ఆ నీరు బయటికి పోవు దారి లేక ఊపిరితిత్తులకెక్కి ఆయాసము తెప్పించును. మూడవది మిక్కిలి ప్రమాదకరమైనది. కొబ్బరినీళ్ళలో పొటాషియము అను లవణము మెండు. ఆరోగ్యవంతునికి అది మేలు. మూత్రము నిలిచినవానికి ఆ లవణము నెత్తుటిలో పేరుకొని గుండెను హఠాత్తుగా ఆపగలదు. చలువ చేయుననుకొన్నదే చంపునదగును.

మఱికొందఱు ఎఱ్ఱని మూత్రమును చూచి పచ్చకామెర్లని పసరు త్రాగింతురు. కామెర్లలో కంటి తెల్లగ్రుడ్డు పచ్చబడును, నెఫ్రైటిస్‌లో పచ్చబడదు. రక్తపోటు హెచ్చి బిడ్డ తలనొప్పి, వాంతి, చూపు మసకతో మొదలై మూర్ఛలో కొట్టుకొనుచుండగా "గాలి సోకిన"దని తాయెత్తునకు పరుగెత్తువారు నేటికిని ఉన్నారు. మూర్ఛ వచ్చిన బిడ్డకు పోవలసిన చోటు ఆసుపత్రి యొక్కటే. 108 బండి పిలువవలయును.

ఒక మాట చెప్పిన రైతు సోదరులు నొచ్చుకొనరాదు. మన మత్తిగిరి పశుక్షేత్రమునకు పేరు పడిన ఊరు. ఇచ్చట ఆవు ఎఱ్ఱమూత్రము పోసినచో ఆ పూటనే పశువైద్యుని పిలుతురు. పిడుదు జ్వరమని చిన్నవాడైనను చెప్పును. కొట్టములో పేడయెత్తువానికి ఆవు మూత్రపు రంగు కనబడుచున్నది. ఎనిమిదేండ్ల బిడ్డ మూత్రశాల తలుపు వేసికొన్న పిదప ఆ రంగు ఎవరికిని కనబడదు. బిడ్డ తానై చెప్పడు, చెప్పుటకు సిగ్గుపడును. కావున పుండ్లుగాని గొంతునొప్పిగాని వచ్చి తగ్గిన బిడ్డ విషయమున, ఆ తరువాతి ఆరు వారములును వారమునకొకసారియైనను తెల్లని గిన్నెలోనో గాజుగ్లాసులోనో మూత్రము పట్టించి వెలుతురున చూడవలయును. ఉదయము లేవగానే కనుఱెప్పలు చూడవలయును. సాయంకాలమునకు ముఖపు వాపు తగ్గినట్లుండును, మోసపోరాదు. 20 కిలోల బిడ్డ దినమంతయు కలిపి పావు లీటరు మూత్రమైనను పోయనిచో అది తక్కువ యని గ్రహింపవలయును.

మత్తిగిరినుండి హోసూరు ప్రభుత్వ ఆసుపత్రి దగ్గఱలోనే యున్నది. అచ్చటికి పోయి మూడింటిని అడుగవలయును: మూత్రపరీక్ష, రక్తపోటు, నెత్తుటిలో క్రియాటినిన్. రక్తపోటు కొలుచునప్పుడు బిడ్డ చేతికి సరిపోవు చిన్నపట్టీ కట్టవలయును. పెద్దవారికి అంతగా భయము కలిగింపని 130/90 ఏడెనిమిదేండ్ల బిడ్డకు మిక్కిలి హెచ్చు. క్రియాటినిన్ విషయమున మఱింత జాగ్రత్త వలయును. పరీక్షశాల కాగితముపై అచ్చువేయు హద్దు సాధారణముగా పెద్దలది. అందులో 1.0 అని యున్నచో "హద్దులోనే యున్న"దని తండ్రి సంతోషించును. ఆరేండ్ల బిడ్డకు ఉండవలసినది సుమారు 0.3 మొదలు 0.5 వరకు మాత్రమే. అనగా 1.0 వచ్చినచో మూత్రపిండముల శక్తి సగమునకు పైగా అప్పటికే పోయినదని అర్థము. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొన్నను ఈ పాఠము సఫలమే.

డాక్టరుతో మాట్లాడునప్పుడు "సూడు" అనిగాని "ఉష్ణ" మనిగాని చెప్పి నిలిచిపోరాదు. చూచినది చూచినట్లు చెప్పవలయును. హోసూరులోను కృష్ణగిరిలోను తమిళమున "సిఱునీర్ సివప్పాగ వరుగిఱదు, ముగం వీంగి ఇరుక్కిఱదు" అనిన చాలును. మూత్రపిండమునకు వారు సిఱునీరగం అందురు. బెంగుళూరులో కన్నడమున "ముఖ ఊదికొండిదె" అనవచ్చును. వారికిని మనకును మూత్రపిండ మన్న మాట ఒక్కటే. ఎన్ని దినములనుండి, ఏ పుండు తరువాత, ఏ మందు వాడితిరి అను మూడు సంగతులు చీటీపై వ్రాసికొని పోవుట మేలు.

కృష్ణగిరిలో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో ప్రారంభమయ్యెను. వ్యాధి ముదిరినదని తోచినచో పిల్లల మూత్రపిండ నిపుణులు గల బెంగుళూరునకో, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకో పంపుదురు. ముఖ్యమంత్రి సమగ్ర వైద్య బీమా కార్డు గలవారు దానిని వెంట తీసికొనిపోవలయును. అచ్చట సూదితో మూత్రపిండమునుండి దారపుముక్కయంత తీసి పరీక్షింతురు. "ముక్క కోసిరి, ఇక పిండము చెడును" అని భయపడి చేవ్రాలు పెట్టని తల్లిదండ్రులున్నారు. ఈ పరీక్ష 1951నుండి వాడుకలో నున్నది. నెలవంకలున్నవా, మెత్తనివా, గట్టిపడినవా అని తెలియు మార్గము అదియొక్కటే. నెలవంకలున్నచో మూడు దినములు నరములోనికి మిథైల్ ప్రెడ్నిసొలోన్ అను బలమైన మందు ఎక్కించి, పిదప మాత్రలు, కొందఱికి సైక్లోఫాస్ఫమైడ్ ఇత్తురు. కొన్ని రకములకు నెత్తుటి ద్రవమును మార్చుదురు. మాత్రలతో ముఖము గుండ్రబడినదని తల్లి తనంతట తానే మానిపించుట గొప్ప అపాయము. డయాలిసిస్ అనగానే జన్మాంతమను భయమొకటి. శీఘ్రవ్యాధిలో మూత్రపిండములు తేరుకొను వరకు కొలది వారములు ఊతకఱ్ఱవలె వాడి తీసివేయుటయు గలదు. తేరుకొననివారికి మార్పిడి యున్నది. మన దేశమున జయప్రదమైన మొదటి మూత్రపిండ మార్పిడి 1971లో ఆ వేలూరులోనే జరిగెను.

ఆడపిల్ల జబ్బును దాచెడి వాడుక యింకొకటి. రేపు పెండ్లి యెట్లని చీటీలు చింపివేయుదురు. చీటీలు లేని బిడ్డకు మఱుసటి డాక్టరు మొదటినుండి ఆరంభింపవలసి వచ్చును. ఆ కాగితములను భద్రపఱచి యుంచుడు.

మూత్రపిండములను దినములలో చంపు మఱియొకటి మందుసీసాలోనుండి వచ్చినది. 2025లో మధ్యప్రదేశమున ఛింద్వారా జిల్లాలో దగ్గుమందు త్రాగిన చిన్నపిల్లలు మూత్రము నిలిచి మరణించిరి. చనిపోయినవారు ఇరువదిమందికి పైగా. కోల్డ్రిఫ్ అను ఆ మందు తయారైనది మన తమిళనాడులోని కాంచీపురము జిల్లాలో. పరీక్షలో అందు డైఎథిలీన్ గ్లైకాల్ అను విషము నూటికి 48.6 పాళ్ళున్నట్లు తేలినది, ఉండదగినది 0.1కి మించరాదు. ఈ విషమే 1937లో అమెరికాలో నూరుమందికి పైగా చంపినది, 1972లో మద్రాసులో పిల్లలను బలిగొన్నది. రెండేండ్లలోపు పిల్లలకు దగ్గుమందు ఇవ్వరాదనియు, అయిదేండ్లలోపు వారికి సాధారణముగా తగదనియు కేంద్ర ఆరోగ్యశాఖ 2025 అక్టోబరులో తెలిపినది. జలుబునకు మందు త్రాగిన బిడ్డ మూత్రము తగ్గినచో సీసాను పారవేయక ఆసుపత్రికి తీసికొనిపోవలయును.

గజ్జి విషయమున ఇంటివారందఱు ఒకే రాత్రి మందు పూసికొననిచో అది పోదు. దురద లేనివారును పూసికొనవలయును. బట్టలు, దుప్పట్లు వేడినీట ఉతికి ఎండలో వేయవలయును. చీము పట్టిన పుండునకు డాక్టరిచ్చిన మందు చెప్పినన్ని దినములు వాడవలయును. అంతమాత్రమున ఆ బిడ్డకు నెఫ్రైటిస్ రానేరాదని చెప్పజాలము. కాని క్రిమి ప్రక్క బిడ్డలకు పోకుండ ఆగును. ఇట్టి బిడ్డను మేము తరగతిలో నవ్వులపాలు కానీయము. మూత్రమునకు పోయివత్తునన్న బిడ్డను ఏ తరగతిలోను ఆపరాదని మా ఉపాధ్యాయులకు చెప్పియున్నాము.

ఆసుపత్రినుండి తిరిగి వచ్చిన బిడ్డ విషయమున మేము కోరునది ఒక్కటి. డాక్టరు చీటీ నకలొకటి తరగతి ఉపాధ్యాయునకు ఇచ్చినచో, మధ్యాహ్న భోజనమున ఆ బిడ్డకు ఊరగాయ, అప్పడము లేకుండ, ఉప్పు తగ్గించి వేఱుగా వడ్డింపవచ్చును. ఆటలకు ఎప్పుడు పంపవచ్చునో, ఏ దినమున మరల పరీక్షకు పోవలయునో అందు వ్రాయించుకొని రావలయును. పోయిన పాఠములను సాయంకాలము బడి విడిచిన పిదప చెప్పించెదము.